బావను మార్చే వీడియో

నాయకుల రెండు నాల్కల ధోరణిని సాక్ష్యాలతో బయటపెడితే జనం కళ్ళు తెరుస్తారని నా గట్టి నమ్మకం. నమ్మి ఊరుకోలేదు, ఫోన్లో 64 జీబీ కేటాయించాను. మా అమ్మాయి అన్నప్రాశన ఫొటోలను ల్యాప్‌టాప్‌లోకి తోసేశాను గానీ, ఫిరాయింపుదారుల్ని ఓ నాయకుడు ఏకిపారేసిన నలభై సెకన్ల వీడియో మాత్రం ఫోన్లోనే భద్రంగా ఉంది. ప్రజాస్వామ్యానికి ఎప్పుడు అవసరం పడుతుందో ఏమో!

నా ప్రయోగశాల మా బావ. అక్క మొగుడు, అవతలి పార్టీ. పదేళ్ళుగా ఆయన్ని మారుస్తూనే ఉన్నాను. నాది ఏ పార్టీ అని మాత్రం అడక్కండి. గెలిచిన ఎమ్మెల్యేలకే తెలియని సంగతి ఓటేసిన నాకేం తెలుస్తుంది?

పద్ధతి చాలా శాస్త్రీయం. ఆదివారం కోడికూర తింటూ, చెయ్యి ఎంగిలిగా ఉండి ఫోన్ లాక్కోలేని సమయం చూసి, ఆయన నాయకుడి పాత వీడియో ముఖం ముందు పెడతాను. మొన్నా అలాగే పెట్టాను. బావ లెగ్ పీసు కంచం అంచున ఆనించి, చివరిదాకా చూశాడు. ఇక లొంగిపోయాడనుకున్నాను.

"అబ్బ, అప్పుడు జుట్టు ఎంత నల్లగా ఉండేదో!" అన్నాడు.

తర్వాత తీరిగ్గా చెయ్యి కడుక్కొచ్చి, మా నాయకుడి పాత వీడియో నాకు పంపాడు. హెచ్‌డీలో.

ఫిరాయింపుల మీద వాదనకు సరుకు కొరత ఎప్పుడూ రాదు. 1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్ పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి దేశానికి 'ఆయారామ్ గయారామ్' అనే మాటను ప్రసాదించాడు. సిగ్గుపడటానికి మనకు ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో, పార్టీ ఫిరాయిస్తే పదవి ఊడగొట్టే పదో షెడ్యూలు వచ్చింది. మూడో వంతు మంది కలిసి వెళితే మాత్రం అది 'చీలిక', తప్పు కాదన్నారు. 2003లో ఆ సందు మూసేశారు. మూడింట రెండొంతుల మంది వెళ్ళే 'విలీనం' తలుపు తెరిచే ఉంచారు. అంటే ఒక్కడు గోడ దూకితే అనర్హత, గోడను కూడా మోసుకెళితే విలీనం.

నేను 2014 డిసెంబరు తీస్తాను: తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రయ్యారు. బావ 2017 ఏప్రిల్ తీస్తాడు: వైఎస్సార్‌సీపీ గుర్తు మీద గెలిచిన నలుగురు చంద్రబాబు మంత్రివర్గంలో కూర్చున్నారు. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారని నేనంటే, 2023లో బీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్ వైపు నడిచిన పది మంది సంగతేంటని ఆయనంటాడు. ఆ పది మంది సంగతి తేల్చమని స్పీకర్‌కు సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చిందని, తేదీతో సహా, 2025 జులై 31 అని చెబుతాడు. నేను నేరానికి సాక్ష్యంగా చూపించినదాన్ని ఆయన రసీదుగా దాచుకుంటాడు. 'మీవాళ్ళూ తిన్నారుగా' అని రాసి ఉన్న రసీదు. అందరూ అంతేనని నా నోటితోనే రుజువయ్యాక, అలవాటైన పార్టీని వదిలి కొత్త దొంగల్ని వెతుక్కునే శ్రమ ఆయనకెందుకు?

ఇక నా బ్రహ్మాస్త్రం 23. జగన్ పార్టీ నుంచి తెలుగుదేశం 23 మంది ఎమ్మెల్యేల్ని లాక్కుంది, 2019లో తెలుగుదేశానికి సరిగ్గా 23 సీట్లే వచ్చాయి. దేవుడు రాసిన స్క్రిప్ట్ అన్నారు జగన్. ఈ లెక్కను ఫ్రేము కట్టించి హాల్లో పెడదామనుకుంటుండగా బావ అడిగాడు, "మరి 2024లో జగన్ పార్టీకి 11 వచ్చాయి కదా బామ్మర్దీ, ఆ 11 మందిని ఎక్కణ్ణుంచి లాక్కొచ్చారు?"

దేవుడు స్క్రిప్టు రాశాడు గానీ సీక్వెల్ సంగతి నాతో చెప్పలేదు.

పదేళ్ళలో బావ ఒకే ఒక్కసారి నోరు మూసుకున్నాడు, అదీ నా వల్ల కాదు. అక్క గిన్నెలు తోముతూ, "మీ ఇద్దరి పార్టీలూ వచ్చాయి, పోయాయి. మన గల్లీలో మోరీ కట్టినోడు లేడు. వానొస్తే నీళ్ళు ఈ వంటింట్లోకే" అంది. బావ కాసేపు మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. "అది నిజమే" అని గొణిగినట్టు కూడా అనిపించింది. అందులో వీడియో ఏమీ లేదు కాబట్టి నా పరిశోధనలో చేర్చలేదు.

పోయిన నెల మా ఎమ్మెల్యే, అంటే మూడేళ్ళుగా నేను వీడియోలతో ఉతికి ఆరేసిన బావ పార్టీ ఎమ్మెల్యే, మా పార్టీ కండువా కప్పుకున్నాడు. నియోజకవర్గ అభివృద్ధి కోసమట. ఆ మాట వినగానే నాకు నిజమే అనిపించింది. కొన్ని పరిస్థితుల్లో అభివృద్ధి కోసం పెద్ద మనసుతో నిర్ణయాలు తీసుకోవాలి.

అరగంటలో ఫ్యామిలీ గ్రూపు మోగింది. బావ వరసగా పదకొండు వీడియోలు పెట్టాడు. అన్నీ ఆ ఎమ్మెల్యేవే, అన్నీ ఒకప్పుడు నేను పంపినవే. 'అవకాశవాది అసలు రంగు! అందరికీ షేర్ చేయండి' అన్న నా వ్యాఖ్యతో సహా.

ఆలోచించి, చెరిపి, మళ్ళీ టైపు చేశాను: "బావా, సందర్భం చూడాలి. ముందూ వెనకా కట్ చేసిన వీడియోలు నమ్మకూడదు."

కట్ చేసింది నేనే.