ప్రమీల జయపాల్‌ని గెలిపించింది మన ఓట్లు కాదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. "నిన్న మొన్న అమెరికా వెళ్ళిన ప్రమీల జయపాల్ ఇండియన్ల ఓట్లతో సెనేటర్ అయిపోయింది. ధర్నాలు తప్ప ఆమె చేసిన పనేమీ లేదు" అని. 2019లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) దిగువ సభలో ఆమె కశ్మీర్‌పై తీర్మానం పెట్టినప్పటి నుంచి మనవాళ్ళలో చాలామందికి ఆమె మీద కోపం. ఆ తీర్మానం నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. కానీ ఆమె ముప్పై ఏళ్ళు నడిచిన దారిని అబద్ధాలతో చెరిపేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

"నిన్న మొన్న" అన్నమాటే తప్పు. చెన్నైలో పుట్టి, ఇండోనేషియా, సింగపూర్‌లలో పెరిగి, 1982లో 16 ఏళ్ళ వయసులో చదువుకోసం ఒంటరిగా అమెరికా వెళ్ళారు. పౌరసత్వం వచ్చింది 2000లో. మధ్యలో 1997లో ఇండియాలో ఉండగా నెలలు నిండకుండానే బాబు పుట్టాడు, బరువు రెండు పౌండ్లు కూడా లేడు. ఆ పసిగుడ్డుతో గడువులోపు అమెరికాకి తిరిగి ప్రయాణం చేయలేక గ్రీన్ కార్డు హోదా పోగొట్టుకున్నారు. తేదీ దాటితే ఏమవుతుందో అన్న టెన్షన్ మన ఇళ్ళలో ఎంతమందికి తెలియదు? మొదటిసారి ఎన్నికల్లో నిలబడింది 2014లో, అంటే ఆ దేశంలో కాలుపెట్టిన 32 ఏళ్ళకి.

ఇక సెనేటర్ అంటే, ఆమె అయింది సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రపు సెనేట్ సభ్యురాలు. అమెరికా సెనేట్‌లో ఆమె ఎప్పుడూ లేరు.

ఇండియన్ల ఓట్ల సంగతి. ఆమె గెలిచిన 37వ నియోజకవర్గం సియాటెల్ నగరంలో ఆగ్నేయాన, రెయినియర్ వ్యాలీ వైపు ఉంటుంది. నల్లజాతివాళ్ళు, సోమాలీలు, వియత్నామీయులు, ఫిలిపినోలు కలిసి బతికే చోటు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే రెడ్మండ్, బెల్వ్యూ, సమామిష్ ఊళ్ళు వాషింగ్టన్ సరస్సుకి అవతలి వైపున ఉన్నాయి. అక్కడున్నవాళ్ళకి ఈ నియోజకవర్గంలో ఓటే లేదు. హెచ్1బీ, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళకైతే ఆ రాష్ట్రంలో ఎక్కడా ఉండదు.

"ధర్నాలు తప్ప" అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత సిక్కులు, ముస్లింలు, అరబ్బులు వీధిలోకి రావడానికి భయపడ్డారు. అప్పుడు ఆమె సియాటెల్‌లో 'హేట్ ఫ్రీ జోన్' అనే సంస్థ పెట్టారు. అదే 2008లో 'వన్ అమెరికా' అయింది. 2001 నవంబర్‌లోనే రెయినియర్ వ్యాలీలో సోమాలీలు ఇంటికి డబ్బు పంపుకునే ఆఫీసు మీద ఫెడరల్ అధికారులు దాడి చేశారు. పనిలో పనిగా పక్కనున్న కిరాణా కొట్టు సరుకులు కూడా ఎత్తుకుపోయారు. ఆ కేసుతో కొట్టువాళ్ళకి సంబంధమే లేదు. ఒక్క ఉదయంలో అల్మారాలు ఖాళీ. అలాంటివాళ్ళ పక్కన నిలబడిన సంస్థ ఇది. సోమాలియాలో ప్రభుత్వమే లేని రోజుల్లో అక్కడికి మనుషుల్ని తిప్పి పంపుతుంటే, బుష్ ప్రభుత్వం మీద కోర్టుకెళ్ళి వేలమంది తరఫున ఆపించింది కూడా ఈ సంస్థే. తర్వాతి ఏళ్ళలో కొత్తగా పౌరులైన 23,000 మందికి పైగా ఓటర్లుగా నమోదు చేయించింది. ఫారాలు పట్టుకుని గడపగడపకీ తిరిగితేనే అయ్యే పని అది. సంస్థ పెట్టిన పదమూడేళ్ళకి, 2014లో, ఆమె ఓటు అడగడానికి వెళ్ళింది ఆ రెయినియర్ వ్యాలీకే. ఆగస్టు ప్రైమరీలో, అంటే అసలు ఎన్నికకి ముందు జరిగే వడపోత ఎన్నికలో, ఆరుగురు పోటీపడితే ఆమె ఒక్కరికే సగానికి పైగా ఓట్లు పడ్డాయి. ఆ గెలుపుకి నాకు తెలిసిన కారణం ఇదే.

ఒక విమర్శలో నిజముందని ఒప్పుకుంటాను. రాష్ట్ర సెనేట్ పదవీకాలం నాలుగేళ్ళు. ఆమె రెండేళ్ళకే అమెరికా కాంగ్రెస్ దిగువ సభకి పోటీ చేసి వెళ్ళిపోయారు. నాలుగేళ్ళకని ఓటేసినవాళ్ళకి అది నచ్చకపోతే తప్పుపట్టలేం.

అయితే ఆ రెండేళ్ళూ ఖాళీగా కూర్చోలేదు. అప్పుడు రాష్ట్ర సెనేట్‌లో ఆమె డెమోక్రాటిక్ పార్టీకి మెజారిటీ లేదు. అయినా 2015లో ఆమె పెట్టిన ఒక బిల్లు చట్టమైంది. రోడ్లు, వంతెనల పనుల్లోకి ఆడవాళ్ళనీ, తెల్లవాళ్ళు కాని కార్మికుల్నీ తీసుకోవడానికి ముందు వాళ్ళకి పని నేర్పించే బాధ్యతని రాష్ట్ర రవాణా శాఖ మీద పెట్టింది ఆ చట్టం.