సిలిండర్ పోయింది, బల్లి క్షేమం

పెరంబూరు, చెన్నై.
రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం.

మహారాజశ్రీ వైర్‌లెస్ మోషన్ సెన్సార్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయులంటే తమరూ, తమరి కంటిమీద కాపురమున్న బల్లీ. మా సంగతి కింద మనవి చేసుకుంటాం.

నిన్న మధ్యాహ్నం రెండింటికి మా వరండాలోంచి గ్యాస్ సిలిండర్ ఒకటి వెళ్లిపోయింది. ఖాళీదే గానీ పదిహేను కిలోల ఇనుము, దానంతటది నడవదు. ఎదురింటివాళ్ల కెమెరాలో చూశాం. ఒక మనిషి గేటు తీసుకుని, సరిగ్గా తమరి ముఖంలోకి చూస్తూ ఏడడుగులు వేసి, వంగి, భుజానికెత్తుకుని, తీరిగ్గా వెళ్లాడు. ఏడడుగులు కలిసి వేస్తే మా ఇళ్లలో పెళ్లి అయిపోయినట్టు. తమరు కనీసం ఎవరని కూడా అడగలేదు.

ఆ ముందు రాత్రి ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య మాత్రం తమరు పదకొండు సార్లు ఫోను మోగించారు. పదకొండు సార్లూ బల్లి.

గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ ఉంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, దొంగను పట్టుకుంటానని డబ్బా మీద రాసుకోనూ లేదు. తమరు రాసుకున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి అభ్యంతరం తమరి పేరు మీదే. మోషన్ సెన్సార్ అట. తమరికి కదలిక కనపడదు, తమరికి తెలిసిందల్లా వేడిలో తేడా. లోపల ఉన్నవి రెండు పైరోఎలక్ట్రిక్ ముక్కలు, అంటే వేడి మారితే కాస్త కరెంటు పుట్టించేవి, ఒకదానికొకటి ఎదురు తిప్పి కలిపినవి. ఒకే ఇంట్లో తోడికోడళ్లనుకోండి. ఇద్దరి మీదా సమానంగా వేడి పడినంతసేపూ ఇల్లు నిశ్శబ్దం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడిన క్షణాన రభస. ఆ రభసనే తమరు 'కదలిక' అని మాకు ఫోనులో చెబుతారు. ముందున్న ఆ తెల్లటి బొప్పి అద్దం కూడా కాదు, పాలిథిన్‌తో పోతపోసిన ఫ్రెనెల్ లెన్స్. ఎదుటి స్థలాన్ని విసనకర్ర మడతల్లా చారలుగా కోసి, ఒక చార పెద్దకోడలికి, ఒక చార చిన్నకోడలికి పంచడం దాని పని. మనిషి ఆ చారలను అడ్డంగా దాటుకుంటూ పోతే ఇద్దరికీ వంతులవారీగా వేడి తగిలి గొడవ మొదలవుతుంది. నేరుగా తమరి మీదికే నడిచి వస్తే ఒకే చారలో నడుస్తూ ఉంటాడు. అప్పుడు గొడవ ఉండదు, పదడుగుల దూరం నుంచి మూడడుగుల దగ్గరికి వచ్చేదాకా తమరికి అసలు తెలియకపోవచ్చు.

ఈ ఒక్క ముక్క డబ్బాలోని కాగితం మీద పెద్ద అక్షరాల్లో వేస్తే ఎంత సిరా ఖర్చయ్యేది? దానికి బదులు, గేటుకు ఎదురుగా గోడ మధ్యలో నవ్వుతూ కూర్చున్న సెన్సార్ బొమ్మ వేశారు. జనం అలాగే బిగిస్తారు. బిగించాల్సింది పక్కగోడకు, నేల నుంచి ఏడడుగులకూ ఎనిమిదడుగులకూ మధ్య ఎత్తులో, గేటు నుంచి గుమ్మానికి వచ్చే దారి చూపుకు అడ్డంగా తగిలేట్టు. కిటికీ లోపలుంచి అద్దం గుండా వీధిని కాపలా కాయిద్దామని చూసేవాళ్లు కొందరుంటారు. ఒంటి వేడి 8 నుంచి 14 మైక్రాన్ల పొడవున్న, కంటికి కనపడని అలల్లో వస్తుంది, కిటికీ అద్దం దాన్ని అక్కడే మింగేస్తుంది. అద్దం వెనక పెడితే తమరికి కటిక చీకటి.

ఇక అసలు విషయానికి వస్తాను, ఇక్కడితో 'తమరు' కూడా అయిపోయింది. నువ్వు అనే అంటాను.

చెన్నైలో బతకాల్సినదానివి, చెన్నై ఎండ గురించి నీకు ఎవరూ చెప్పలేదా? మనిషి చర్మం వేడి ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు డిగ్రీలు ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున గోడ ఇరవై నాలుగు దగ్గరుంటే మనిషి నీకు నిప్పుకణికలా వెలుగుతాడు. అప్పుడు నీ పనితనం చూడాలి, పాలపాకెట్ వేసే అబ్బాయిని వీధి మలుపులోనే పట్టేస్తావు. మే నెలలో ఇక్కడివాళ్లు అగ్నినక్షత్రం అంటారు, మనం రోళ్లు పగిలే రోహిణి అంటాం. 2003 మే 31న నుంగంబాకంలో 45 డిగ్రీలు నమోదైన ఊరిది. సముద్రపు గాలి రావడం ఆలస్యమైన రోజున నీడలో ఉన్న వరండా గోడ కూడా ముప్ఫై నాలుగు, ముప్ఫై ఐదుకి చేరుతుంది. మనిషి వేడీ అంతే, గోడ వేడీ అంతే. తోడికోడళ్లకు పట్టుచీరలు సమానంగా వచ్చినట్టే, ఇక రభస ఎందుకు? దొంగ నీ ముందు గోడలో గోడగా కలిసిపోయి నడుస్తాడు.

ఇందులో మరీ మండే సంగతి ఇంకోటి ఉంది. ఎండ నేరుగా పడి నలభై ఐదుకు కాలిన గోడ ముందు నడిస్తే మనిషి నీకు మళ్లీ కనిపిస్తాడు, ఈసారి చల్లటి మచ్చగా. నీకు తేడా కావాలి గానీ, అది ఎటువైపైనా పర్వాలేదు. అంటే మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచిన దొంగను పట్టగలవు, నీడపట్టున నడిచిన దొంగను పట్టలేవు. ఆ ఎండలో నీడ వదిలి నడిచే దొంగ ఈ ఊళ్లో ఎవడు?

దీనికి మందు లేకపోలేదు. చుట్టూ వేడి పెరిగేకొద్దీ చూపు పదును పెంచుకునే ఏర్పాటు మంచి సెన్సార్లలో ఉంటుంది, 'టెంపరేచర్ కాంపెన్సేషన్' అని డబ్బా మీద ఉంటుంది. కొనేటప్పుడు మెగాపిక్సెళ్లూ ఆప్ రంగులూ అడిగే మనం అది అడగం. ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో గుట్టలుగా అమ్మే నీ పేద చుట్టం హెచ్‌సీ-ఎస్‌ఆర్501 బోర్డు తిప్పి చూడు. ఆర్‌టీ అని రాసి రెండు చిల్లులు ఖాళీగా ఉంటాయి, వేడి కొలిచే థర్మిస్టర్ పెట్టుకోవడానికి. చోటు వదిలారు, ముక్క మాత్రం పెట్టలేదు. కొత్త ఇంటికి గుమ్మం నిలబెట్టి తలుపు మర్చిపోయినట్టుంది. రెడీమేడ్ సెన్సార్‌లో చేయగలిగింది ఒకటే. ఆప్‌లో సెన్సిటివిటీని ఎండాకాలం పగలు 'హై'లో, రాత్రి 'లో'లో పెట్టడం. చాలా ఆప్‌లు దాన్ని గడియారానికి ముడిపెట్టనివ్వవు. రోజుకు రెండుసార్లు చేత్తో మార్చాలి, సంధ్యావందనంలా.

బల్లి సంగతి. బల్లిది చల్లని ఒళ్లు, గోడ వేడి ఎంతో దాదాపు దానిదీ అంతే, మరి దానికెందుకు ఉలిక్కిపడతావని అడిగితే నీ దగ్గర జవాబుంది, ఒప్పుకుంటాను. దూరంగా గోడ మీద పాకితే నువ్వు పట్టించుకోవు. లెన్స్ మీదికే ఎక్కితే దాని పొట్ట నీ లోకం సగాన్ని మూసేస్తుంది. చల్లటి నేల ఉండాల్సిన చారలో, ట్యూబ్‌లైట్ పక్కన వెచ్చబడిన బల్లి ప్రత్యక్షమవుతుంది. రభస. లైటుకు పురుగులు, పురుగులకు బల్లి, బల్లికి నువ్వు. కాబట్టి నిన్ను లైటు పక్కన బిగించకూడదు, ఐదారడుగులైనా ఎడంగా ఉండాలి. వెనక చిల్లుల్ని సిలికాన్‌తో మూయాలి, లేకుంటే చీమలు లోపలే ఊరు కట్టుకుంటాయి. కోడిగుడ్డు డొప్పలూ నెమలీకలూ వేలాడదీసిన ఇళ్లు చాలా చూశాం, బల్లులు వాటిని అలంకారంగా స్వీకరించాయి. అర్ధరాత్రి బల్లి పలికినప్పుడు పెద్దవాళ్లు 'సత్యం, సత్యం' అని గోడ తడతారు, అది వేరే వ్యవస్థ. మరీ దోషం తగిలిందనుకుంటే కంచి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లి ఉంది, తాకి రావచ్చు. ఆ గుడి పైకప్పుకు సెన్సార్ లేదు కాబట్టి అక్కడ అందరూ ప్రశాంతంగా ఉన్నారు.

ఆరేసిన పంచె గాలికి ఊగినా, ఏసీ గాలి నీ మీద పడినా, మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ నేల మీద జరిగినా అదే గోల. పిల్లి కోసం లెన్స్ కింది వరుసల్ని లోపలివైపు నుంచి టేపుతో మూయమంటారు. నేల మీది పిల్లికి పనిచేస్తుంది. మా వీధి పిల్లులు ప్రహరీ గోడ మీద తిరుగుతాయి.

నిన్ను వైఫైకి కలపడం గురించి రెండే మాటలు. నీకు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరేది వినబడదు. ఇంటి రూటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి కూర్చుంటుంది, ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది, నువ్వు గిలగిలా మెరుస్తూ ఉంటావు, ఆప్ 'మళ్లీ ప్రయత్నించండి' అంటుంది. 5ను కాసేపు ఆపి, రూటర్ సెక్యూరిటీలో కొత్త తరం డబ్ల్యుపీఏ3 ఒక్కటే ఉంటే పాత డబ్ల్యుపీఏ2 కూడా ఒప్పుకునేట్టు మార్చి, బటన్ ఐదు సెకన్లు నొక్కితే పెళ్లికూతురు దిగివస్తుంది. డబుల్ సైడ్ టేపు నమ్మినవాళ్ల గోడ డిస్టెంపర్ పొరతో సహా నువ్వు తెల్లారేసరికి నేల మీద ఉంటావు. ఆరు ఎంఎం ప్లగ్గు, రెండు స్క్రూలు, అంతే.

బిగించాక పరీక్షించడంలోనూ నీ తిక్క తగ్గదు. బ్యాటరీ మిగుల్చుకోవడానికి ఒకసారి మోగాక ఒక నిమిషం పాటు కళ్లు మూసుకుంటావు. ఆ నిమిషంలోనే ఇంటిల్లిపాదీ నీ ముందు చేతులూపుతూ గంతులేస్తారు, పనిచేయడం లేదని నిన్ను ఊడదీస్తారు. మూడు నిమిషాలు గది ఖాళీ చేసి, తర్వాత ఒక్కరే అడ్డంగా, మామూలు నడకతో దాటాలి.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. నువ్వు కొంచెం నయం. నిద్ర లేచి, వైఫైని వెతుక్కుని, సముద్రాలవతల సర్వర్‌కు చెప్పుకుని, అది మా ఫోనుకు చెప్పేసరికి నాలుగైదు సెకన్లు. ఫోను బ్యాటరీ పొదుపు పేరుతో ఆప్‌ను నిద్రపుచ్చి ఉంటే అది ఆర్నెల్లే. కరెంటు పోతే మరీ వినోదం. నువ్వు బ్యాటరీ మీద బతికే ఉంటావు, రూటర్ చచ్చి ఉంటుంది, నీ కేక గోడకే. రూటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టనివాళ్లు సెన్సార్ కొనడం దండగ. బ్యాటరీ శాతం గురించి అడగనే వద్దు. లిథియం బ్యాటరీ వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా జారిపోతుంది కాబట్టి నువ్వు చనిపోయే ముందు వారం కూడా నూటికి నూరు చూపిస్తావు.

సొంతంగా తయారుచేసుకుంటే మేలనుకునేవాళ్లకు ఆ 501 చుట్టం ఇంకో సరదా చూపిస్తాడు. అతని వెనకే ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు అంటిస్తే, అది వైఫైలో కబురు పంపిన ప్రతిసారీ ఆ రేడియో దెబ్బకు సెన్సార్ మోగుతుంది. మోగింది కాబట్టి మళ్లీ కబురు, కబురు పంపింది కాబట్టి మళ్లీ మోత. తన కేకకు తానే ఉలిక్కిపడే కాపలాదారు. రెంటినీ జానెడు దూరం జరిపి, సప్లై దగ్గర కెపాసిటర్ వేసి, కబురు పంపాక కొన్ని సెకన్లు సెన్సార్ మాట వినకుండా ఉంటే కుదుటపడతాడు.

కోపం వచ్చి నీ స్థానంలో రాడార్ పెడదామనుకున్న మాట నిజమే. ఎల్‌డీ2410 అని 24 గిగాహెర్ట్జ్‌ది ఉంది, దానికి ఎండా వానా ఒకటే. కానీ సుమారు 80 మిల్లీఆంపులు అదేపనిగా తాగుతుంది. పెన్సిల్ బ్యాటరీలలో సన్నవి పెడితే సగం రోజుకు గుటుక్కుమంటాయి. పైగా తిరిగే ఫ్యానును మనిషంటుంది, పలచటి తలుపు అవతల పక్కింటివాళ్లు నడిచినా మనింట్లోకి వచ్చారంటుంది. నువ్వు మైక్రోఆంపులు చప్పరిస్తూ ఏడాది గడుపుతావు, పక్కింటి గుట్టు అడగవు. ఆ మర్యాద నీలో ఉందని ఒప్పుకోకపోతే నాకే తప్పు.

కనుక నిన్ను పారేయడం లేదు. ఆదివారం పొద్దున పక్కగోడకు మారుస్తాం, లైటుకు దూరంగా. గేటుకు అయస్కాంతం, అది దూరం జరిగితే పసిగట్టే రీడ్ స్విచ్ జత ఒకటి బిగిస్తున్నాం. ఇనుప గేటు కాబట్టి అయస్కాంతం కింద ప్లాస్టిక్ ముక్క వేసి. గేటు రెండు వేళ్ల ఎడం తెరుచుకుంటే ఆవిడ చెబుతుంది, గోడ ఎన్ని డిగ్రీలని అడగదు. మే, జూన్ నెలల్లో పగలు ఆవిడ మాటే చెల్లుతుంది. మిగతా నెలలు, రాత్రులు నీవి. గొడవపడకండి, ఇప్పటికే లోపల ఇద్దరు కోడళ్లున్నారు.

ఇట్లు,
తమరి విధేయులైన
సిలిండర్ లేని కుటుంబం.

తా.క.: పోయిన సిలిండర్‌కు బదులు కావాలంటే పోలీసు ఫిర్యాదు కాగితం తెమ్మన్నారు. స్టేషన్‌లో రైటర్ గారు దొంగ ఎన్నింటికి వచ్చాడని అడిగితే, గబుక్కున ఫోను తీసి నీ చిట్టా తెరిచాం. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఏ కదలికా లేదు అని ఉంది. ఆయన రెండుసార్లు చదివి, కలం మూత పెట్టి, "అయితే సిలిండర్ ఇంట్లోనే ఉండాలే" అన్నారు.