పూర్తి పేరు చెప్పు బాబూ

సమాజపు కట్టుబాట్లు మనం పుట్టకముందే ఉంటాయని, బయటినుంచి మన మీద ఒత్తిడి తెస్తాయని ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త దర్కైమ్ 1895లోనే రాశాడు. పరీక్షకి బట్టీ కొట్టేశాను. అసలు పాఠం మాత్రం హైదరాబాద్‌లో టులెట్ బోర్డుల దగ్గర నేర్చుకుంటున్నా.

అద్దె, అడ్వాన్సు అన్నీ కుదిరాక ఓనరు ఆంటీ నవ్వుతూ "పూర్తి పేరు చెప్పు బాబూ" అంటుంది. చెప్తే చాలదు. "ఇంటిపేరు?" దాంతోనూ తేలకపోతే "నాన్‌వెజ్ తింటారా?" సూటిగా "మీరేమిట్లు?" అని అడిగేవాళ్లే నయం, టైమైనా కలిసొస్తుంది! ఇంతా చేసి "మాకలాంటి పట్టింపుల్లేవు బాబూ, మా మామగారే ఒప్పుకోరు" అంటుంది. ఆ మామగారు ఏ ఇంట్లోనూ కనపడడు.

ఒళ్లు మండేదేంటంటే, ఈమధ్య ఫోన్లో ఇంటిపేరు మింగేసి ముద్దుపేరొక్కటే చెప్తున్నా. అలా చెప్పమని నాకెవరూ నేర్పలేదు. అద్దె టైముకి కట్టేవాడి కులంతో వీళ్లకేం పనండీ?