మా ఇంటి నుదుట ‘విరోధి’

మంగళవారం జరిగిన సంగతి. భుజం నొప్పి ఇంకా తగ్గలేదు, అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫొటో కింద నవ్వు బొమ్మలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

మాది చెన్నై జార్జి టౌన్‌లో, ఆటో దూరితే మనిషి దూరని సందులో, పాత మిద్దె ఇల్లు. మా తాత నెల్లూరు నుంచి వచ్చి 1931లో కొన్నాడు. కింద పెళ్లికార్డుల కొట్టు, పైన మేము. పైకప్పు మద్రాస్ టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద సున్నంలో నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు. వానాకాలంలో భోంచేస్తుంటే చిటికెడు సున్నం రాలి సాంబారులో పడుతుంది. చుట్టాలు కంగారుపడతారు. మేము కలుపుకుని తినేస్తాం.

ఇంట్లో నాకూ మా పెదనాన్న కొడుక్కూ చెరి సగం. అన్నయ్య అన్నానగర్ ఫ్లాట్‌లో ఉంటూ, ఇల్లు బిల్డరుకు ఇచ్చేద్దాం రా అంటాడు. నేను ఇది వారసత్వ కట్టడం అంటాను. లిస్టులో చేరిన ఇల్లు అమ్ముకోవచ్చు గానీ, అనుమతి లేకుండా కూల్చకూడదు. కూల్చడానికి వీల్లేని ఇల్లు ఏ బిల్డరు కొంటాడు? నా వారసత్వ ప్రేమలో సగం ఇదే, దాచను.

చెన్నైలో ఆ లిస్టు పుట్టిన కథే వేరు. ఊళ్లో హోర్డింగులు ఎక్కడ పెట్టకూడదో తేల్చడానికి జస్టిస్ పద్మనాభన్ కమిటీ అని ఒకటి వేశారు. అది పనిలో పనిగా 467 కట్టడాల పేర్లు రాసింది. తర్వాత మౌంట్ రోడ్డులో భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ కూల్చబోతే కేసు హైకోర్టుకెక్కి, ఆ 467నీ కాపాడమని 2010లో తీర్పు వచ్చింది. అంటే ఊరి చరిత్ర నిలబడింది సబ్బుల బోర్డుల పుణ్యాన. 2012లో రాష్ట్రం వారసత్వ కమిషన్ చట్టం కూడా చేసింది. అది అమల్లోకి వచ్చింది 2024లో. నదులకే కాదు, చట్టాలకూ పుష్కరం ఉంటుంది మరి.

ఆ 467లో మా ఇల్లు లేదు. మూడేళ్ల కిందట దరఖాస్తు పెట్టాను. ఏ ఆఫీసులోనో చెప్పను, మళ్లీ అక్కడికే వెళ్లాలి. మూడేళ్లలో వాళ్ల నుంచి వచ్చిన కబురు ఒక్కటే, దరఖాస్తు మీద నా సంతకం మసకగా ఉందని. అలాంటిది మంగళవారం పొద్దున పదింటికి ఫోన్. “పదకొండున్నరకు ఇన్‌స్పెక్షన్ సార్. ఏడో కాలమ్ ఖాళీగా ఉంది. కట్టిన సంవత్సరానికి ఆధారం చూపించాలి.”

కట్టింది 1889లో. నాకు తెలుసు. “ఇది కాంగ్రెస్ కంటే నాలుగేళ్లు చిన్నదిరా” అనేవాడు తాత. ఆధారం కూడా ఉంది. వీధి వైపు పిట్టగోడ మధ్యలో గోపురంలా లేచిన చోట, సున్నం కింద, సంవత్సరం చెక్కి ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. తొంభై ఏళ్ల సున్నం తీస్తే చాలు. గంటన్నర టైముంది. ఇంతకంటే సుళువైన పని ఉందా?

కొట్టువాళ్ల నిచ్చెన, మా ఆవిడ అట్లకాడ తీసుకుని ఎక్కాను.

సున్నం గీకడమంటే ఆల్బమ్ తిరగేసినట్టే. పైన తెలుపు, కరోనా తర్వాత వేయించింది. దాని కింద గులాబీ రంగు, చెల్లెలి పెళ్లిది. దాని కింద నీలిమందు మరీ ఎక్కువైన తెలుపు. మేస్త్రీతో నాన్న గొడవపడ్డ ఏడాదిది. ఆ కింద పచ్చ. ఆ పచ్చ ఎవరు వేయించారో ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. పచ్చ కింద, ముప్పావు గంట తర్వాత, జానెడు ఎత్తున ఒక అక్షరం బయటపడింది. అంకె కాదు, అక్షరం.

‘వి’.

అదీ తెలుగులో. సరిగ్గా అప్పుడే ఆఫీసరూ, టాబ్లెట్ పట్టుకున్న కుర్రాడూ సందులోకి వచ్చారు. వాళ్ల వెనకే అన్నయ్య. ఆయనకు కబురు ఎవరిచ్చారో నాకు తెలియదు గానీ, పెళ్లికార్డుల కొట్టతను నా కళ్లలోకి చూడడం లేదు.

ఎదురింటి బాల్కనీలో జపమాల తిప్పుకుంటున్న మామ్మ చూసి, “ఒరే, అది అంకె కాదురా, సంవత్సరం పేరు! విభవ, విక్రమ, విరోధి, వికృతి, విజయ...” అని అందుకుంది. అరవై సంవత్సరాల్లో ‘వి’తో మొదలయ్యేవి తొమ్మిదున్నాయని ఆ రోజే తెలిసింది. కింద పూలమ్మే ఆవిడ, పార్సిల్ కుర్రాడు, లోడు దించాల్సిన ఇద్దరు హమాలీలు, అందరూ తలలెత్తి చూస్తున్నారు. లోడు సందులో అడ్డంగా ఉంది. దాని వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. నేను మాత్రం విజయ రావాలని మొక్కుకుంటున్నాను. నోరు తిరిగే మంచి పేరు. మామ్మ లెక్క చెప్పింది, విజయ అయితే 1893. నాలుగేళ్లు తక్కువైనా నష్టం లేదు.

రెండో అక్షరం గుండ్రంగా తేలుతోంది. ‘క’ అయితే? వికృతి అయితే? ఇంటి మొహాన అంత పెద్ద అక్షరాలతో వికృతి అని ఉంటే రేపటి నుంచి పోస్టుమాన్ ఏమని పిలుస్తాడు? చేయి వణికింది. సున్నం కళ్లలో పడింది. ఒక్క కన్నుతో గీకాను. ‘రో’. ఇంకో పది నిమిషాలకు ‘ధి’.

‘విరోధి’.

అది అరవంలోనూ అదే మాట, అదే అర్థం. సందు మొత్తం ఒకేసారి చదివింది. చదివి, నిచ్చెన కింద నిలబడ్డ మా అన్నయ్య వంక చూసింది. ఆయన ఫోన్ తీసి ఫొటో కొట్టాడు: పైన ‘విరోధి’, దాని పక్కన అట్లకాడతో ఒంటికన్ను నేను.

నాకు మాత్రం ఆనందం ఆగలేదు. విరోధి అంటే 1889! తాత మాటే నిజం! నిచ్చెన మీద నుంచే ఉపన్యాసం మొదలుపెట్టాను. ఈ ఊళ్లో తెలుగువాళ్ల చేయి ఎంతుందో, విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం ఆనంద గజపతిరాజు అని... ఆఫీసరు మర్యాదగా విని, “మీ ఇంటికి ఎవరు చేశారు సార్?” అన్నాడు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. “విరోధి 1949లో కూడా వచ్చింది. తాత పాతది పడగొట్టి మళ్లీ కట్టించి ఉండొచ్చుగా?”

“ముందు పక్కన ఇంకేమైనా ఉందేమో చూడండ్రా,” అంది మామ్మ. “విరోధికృతు అని ఇంకోటుంది. అదైతే 1911.”

మళ్లీ గీకాను. ‘కృతు’ లేదు. ‘నామ సం.’ అని ఉంది. దాని పక్కన ‘శా. శ.’ అని ఉంది. శాలివాహన శకం! అంటే ఇంగ్లీషు సంవత్సరానికి డెబ్బై ఎనిమిదేళ్లు వెనక. ఇక నాలుగు అంకెలు. 1811 అని ఉంటే నేను గెలిచినట్టు, 1871 అని ఉంటే అన్నయ్య. సందులో హారన్లు కూడా ఆగిపోయాయి. అట్లకాడ తిప్పి పట్టుకుని గట్టిగా ఒక్క గీకు గీకాను.

అక్కడ అంకెలు లేవు. అంకెలు ఉండాల్సిన చోట సిమెంటు ముద్ద, దాని మధ్య గుండ్రటి కన్నం, కన్నంలో నుంచి నల్లటి ఇంటర్నెట్ కేబుల్. ఆ కన్నం వేయించింది నేనే. లాక్‌డౌన్‌లో. “ఎక్కడ వేయమంటారు సార్?” అని ఆ కుర్రాడు అడిగితే, “అక్కడేదో ఉబ్బెత్తుగా ఉంది చూడు, దాని మీద వెయ్, కనబడదు” అన్నానట. ఈ ‘అన్నానట’ మా ఆవిడ సాక్ష్యం.

తర్వాతదంతా నిచ్చెన దిగాక. టాబ్లెట్ కుర్రాడికి నాలుగు అంకెలు కావాలి. ఏడో కాలమ్‌లో ‘విరోధి’ పట్టదు. అతను గూగుల్ చేశాడు. “2009 అని వస్తోంది సార్.”

“అయ్యా, అది మొన్న వచ్చిన విరోధి. 1931లో మా తాత కొన్న దస్తావేజు మీ ఫైల్లోనే ఉంది కదా!”

“కొన్నది ఎనిమిదో కాలమ్ సార్. అది ఫిల్ చేశాం. కట్టింది ఏడో కాలమ్. దేనికదే.”

నేను అన్నయ్య వంక చూశాను. జీవితంలో మొదటిసారి 1949 అయినా ఫరవాలేదనిపించింది. ఆయన కూడా పాపం, “రాయండి, 1949 రాయండి” అన్నాడు. ఈలోపు కుర్రాడు నొక్కేశాడు. మార్చాలంటే కొత్తగా అప్లై చేయాలట. పోతూ పోతూ ఆఫీసరు, దరఖాస్తు పరిశీలనలో ఉండగా ఇంటి ముఖభాగం మీద అట్లకాడ పెట్టకూడదు సార్, గోడ ఉన్నది ఉన్నట్టే ఉంచండి, సున్నం కూడా వేయొద్దు అని చెప్పి వెళ్లాడు.

ఆ ఫైలు ప్రకారం, 1931లో మా తాత కొన్న ఇల్లు 2009లో కట్టారు. మా అమ్మాయి 2008లో పుట్టింది. ఇంటికంటే ఏడాది పెద్దది. తనకు పెద్ద గది ఇవ్వాలని అప్పుడే పేచీ మొదలుపెట్టింది.

ఇక ఆ ఆఖరి గీకుకు కేబుల్ తెగింది. రెండు రోజులుగా నెట్ లేదు, ఇది కొట్టువాళ్ల వైఫైలో రాస్తున్నాను. ఇందాకే కేబుల్ కుర్రాడు వచ్చి పైకి చూశాడు. పాత కన్నం పనికిరాదట, కొత్తది వేయాలట.

“ఎక్కడ వేయమంటారు సార్?” అన్నాడు.