కృత్తిక కార్తెలో హీటర్

మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ ట్రాక్టర్‌లో కూర్చుని, హీటర్ చివరిదాకా తిప్పుకుని మూడు కిలోమీటర్లు నడిపిన మనిషి ఇల్లు ఎక్కడ అని నిడమనూరు మండలంలో మా ఊరికి వచ్చి అడగండి. చిన్నపిల్లలు కూడా మా గుమ్మం చూపిస్తారు. పందెం కాసి చేసిన పని కాదు. మతి పోయి చేసిందీ కాదు, ఆ రోజు నా దగ్గర ఉన్న మతి మొత్తం ఖర్చుపెట్టి చేసిన పని.

ముందు ఏసీ ట్రాక్టర్ సంగతి చెప్పాలి. మాది సాగర్ ఎడమ కాలువ కింది ఆయకట్టు. కాగితాల్లో దాని పేరు లాల్ బహదూర్ కాలువ, మా నోళ్లలో ఎడమ కాలువే. యాసంగి వరి కోత మిషన్ కోసుకుంటూ పోతే వెనక గడ్డి వరుసలుగా పడుతుంది. ఆ గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టి ఇవ్వడం నా పని. కట్టకు ఇంత అని కిరాయి. పని మంచిదే, దుమ్మే చెడ్డది. వరిగడ్డి దుమ్ము రోడ్డు దుమ్ము లాంటిది కాదు. సన్నని నూగు. మెడ మడతలో చేరిందంటే మూడు స్నానాలకు కూడా దిగదు. నాకు అది అసలే పడదు. తుమ్మడం మొదలుపెడితే ఒకటీ రెండుతో ఆగేది కాదు. పక్క పొలంలో వాళ్లు పని ఆపి లెక్కపెట్టేవారు. దుమ్ముకు దూరంగా ఉండమన్నారు నల్గొండ డాక్టరు. గడ్డి కట్టేవాడిని దుమ్ముకు దూరంగా ఉండమనడం ఇస్త్రీ చేసేవాడిని వేడికి దూరంగా ఉండమన్నట్టే. ఎదురు చెప్పడానికి మొహమాటపడి మందులు రాయించుకుని వచ్చేశాను.

దారి చూపినవాడు మా బామ్మర్ది. "బావా, నువ్వు దుమ్ముకు దూరంగా పోలేవు గాని, దుమ్మును నీకు దూరంగా పెట్టవచ్చు" అని చెప్పి, నాలుగు వైపులా అద్దాలు, నెత్తిన ఏసీ ఉన్న వాడిన బండి ఒకటి వెతికి పెట్టాడు. అమ్మే ఆయన ఒక్కొక్కటే చూపిస్తూ, "ఇందులో హీటర్ కూడా ఉందండీ" అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. "దాని ధర తగ్గించి ఇవ్వండి. మా జిల్లాలో వేడి దేవుడు ఉచితంగానే ఇస్తున్నాడు" అన్నాడు బామ్మర్ది. ధర తగ్గలేదు. హీటర్ అలాగే వచ్చింది. ఆ మీట మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఎవరూ పీకలేదు.

బండి ఊళ్లోకి వచ్చిన వారం రోజులు మా పెద్దనాయన దాన్ని తిట్టాడు. ట్రాక్టరుకు అద్దాలేమిటి, ఇదేమైనా పెళ్లికొడుకు కారా అన్నాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం కట్టలు ఎలా వస్తున్నాయో చూస్తానని ఎక్కి, సీటు పక్కనున్న చిన్న మడత పీట మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా దిగలేదు. ఆ తరువాత రోజూ అన్నం తినగానే తువ్వాల భుజాన వేసుకుని కట్టలు చూడడానికి వచ్చేవాడు. కళ్లు మూసుకుని చూసేవాడు.

కాబట్టి బండికి జబ్బు చేసిందని మొదట కనిపెట్టింది ఆయనే. ఒకరోజు ఒక కన్ను తెరిచి, "కరెంటు పోయిందా?" అన్నాడు.

ట్రాక్టరులో కరెంటు పోవడమేమిటి పెద్దనాయనా అన్నాను గాని, ఆయన చెప్పింది నిజం. గాలి వస్తోంది, చల్లదనం లేదు. పది నిమిషాలకు మళ్లీ చల్లబడింది. మళ్లీ పోయింది. రెండు రోజులు ఈ దోబూచులాట ఆడాక, ఎదుట ఉన్న, ఇంజన్ వేడి చూపే ముల్లు కూడా మెల్లగా ఎర్ర గీత వైపు నడవడం మొదలుపెట్టింది. బండి ఆపితే దిగుతుంది, బేలర్ తిప్పితే ఎక్కుతుంది.

మిర్యాలగూడ నుంచి ఏసీ బాగుచేసే అతను వచ్చాడు. గాలి వచ్చే రంధ్రం దగ్గర చేయి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, "గ్యాస్ తగ్గింది" అన్నాడు. గ్యాస్ ఎక్కించాడు. మర్నాడు ఇంకా తొందరగా ఆగింది. మళ్లీ వచ్చి మళ్లీ ఎక్కించాడు. నాకు తరువాత తెలిసిందేమిటంటే, ఏసీ గ్యాస్ డీజిల్ లాగా కాలి అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంది. కారిపోతే తప్ప తగ్గదు. తగ్గకుండా పోస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి హద్దు దాటితే గొట్టాలు పగలకుండా ఒక స్విచ్, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అంటే మా ఏసీ పాడై ఆగడం లేదు, ప్రాణం కాపాడుకోవడానికి ఆగుతోంది. మేము దాని నోట్లో ఇంకా కుక్కుతున్నాం.

ఇంజన్ చూసే మెకానిక్ వేరు. ఆయన వచ్చి థర్మోస్టాట్ మీద అనుమానపడ్డాడు. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను, వాటిని చల్లార్చే రేడియేటర్‌లోకి వదలకుండా ఆపి, సుమారు 80 డిగ్రీలు దాటాక తలుపు తీసే చిన్న సామాను అది. "మన ఎండలకు ఇది ఎందుకండీ" అని ఊడదీసి, పీకిన పన్ను ఇచ్చినట్టు నా అరచేతిలో పెట్టాడు. ముల్లు తన నడక మార్చుకోలేదు.

ఇంజన్ వేడెక్కడం వల్లే ఏసీ ఆగుతోందని ఏసీ అతను. ఏసీ వేయడం వల్లే ఇంజన్ వేడెక్కుతోందని ఇంజన్ ఆయన. ఇద్దరూ కలిసి ఒక్కసారి రమ్మంటే ఒకరికి తీరితే మరొకరికి తీరదు. ఇద్దరూ చెప్పింది సగం సగం నిజమే. రెండు సగాలకూ నేను విడివిడిగా డబ్బు కట్టాను.

టీకొట్టు దగ్గర ఇంకో పక్షం తయారైంది, నీళ్ల పక్షం. మా జిల్లాలో ఏది పాడైనా నీళ్ల మీద నింద వేయడం తేలిక, నీళ్లు కూడా ఆ నిందకు తగినట్టే ఉండేవి. "బోరు నీళ్లు పోసి ఉంటావు, ఫ్లోరైడ్ పట్టేసింది" అన్నాడొకాయన. ఫ్లోరైడ్ పట్టేది మన పళ్లకు, ఎముకలకు. రేడియేటర్‌లో గట్టిపడేది నీళ్లలోని సున్నం. ఆ మాటా చెప్పాను, నేను పోసింది బోరు నీళ్లు కావని, కూలెంటు సగం, శుద్ధమైన నీళ్లు సగం అని కూడా చెప్పాను. "అయితే కూలెంటు పడలేదు" అన్నాడు ఆయన.

నేనూ ఊరుకోలేదు. ఇంతమంది ఇన్ని చేస్తుంటే సొంత బండికి నేనేమీ చేయకపోతే బాగుండదు కదా. బండి ముందు జాలీ తీసి చూస్తే, క్యాబిన్‌లోంచి తీసిన వేడిని బయటికి వదిలే ఏసీ కండెన్సర్ కనిపించింది, దాని రేకుల నిండా పొట్టు. హాలియాలో బండ్లు కడిగే చోటికి తోలుకుపోయి, "ముందు నుంచి గట్టిగా కొట్టు" అన్నాను. ఆ కుర్రాడు చెప్పినదానికంటే గట్టిగా కొట్టాడు. రేకులు తళతళలాడాయి. ఇంటికి వచ్చి మా ఆవిడకు కూడా చూపించాను. "గిన్నెలు కూడా ఇలా తోమితే బాగుండును" అంది.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఏమిటో అప్పటికి నాకు తెలియదు. కండెన్సర్ వెనక నాలుగు వేళ్ల సందు, ఆ సందు వెనక రేడియేటర్, దాని వెనక ఫ్యాను. ఫ్యాను గాలిని ముందు నుంచి లోపలికి లాగుతుంది. పొట్టు కూడా ఆ దారినే పోతుంది. దాన్ని బయటికి పంపాలంటే వెనక నుంచి ముందుకు కొట్టాలి. నేను ముందు నుంచి కొట్టించి, పైకి కనిపించే పొట్టునంతా కనిపించని సందులోకి తోసి, అది ఊడిరాకుండా నీళ్లతో తడిపించాను. మా అవ్వ పిడకలు చేసేటప్పుడు పొట్టు, నీళ్లు, పేడ కలిపేది. నేను పేడ ఒక్కటి తక్కువ చేశాను.

కడిగించిన మర్నాడే ఆ మధ్యాహ్నం. కృత్తిక కార్తె, రోళ్లు పగలాల్సిన రోహిణి ఇంకా రానేలేదు. ఫోను 43 డిగ్రీలు చూపిస్తోంది. నాలుగో ఎకరంలో ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. బండి ఆపి దిగేసరికి పక్క పొలం ఆయన తువ్వాల చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను పెట్టిన కేకకు కాలువ గట్టు మీది కొంగలు లేచాయి. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణం అన్నీ ఒక్కసారే మరిగి మొహాన కొడతాయి. ఆయన నొచ్చుకుని, పోనీ ఇంజన్ మీద నాలుగు బిందెల చన్నీళ్లు గుమ్మరిద్దామన్నాడు. హెడ్ పగులుతుందన్నాను. "అయితే నీ బండి, నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

వేపచెట్టు కింద ముప్పావుగంట కూర్చుని, చల్లబడ్డాక కూలెంటు పోసి, ఇంజన్ మెకానిక్‌కు ఫోన్ చేశాను. బేలర్ విప్పేసి మెల్లగా ఇంటికి తెచ్చేయమన్నాడు. "దారిలో మళ్లీ వేడెక్కకుండా హీటర్ ఫుల్లుగా పెట్టండి."

"ఏది పెట్టాలి? హీటరా, మీటరా?"

హీటరే. ఇంజన్‌లోని వేడి నీళ్లను ఒక గొట్టం క్యాబిన్‌లోకి తెస్తుంది. అక్కడ ఇంకో బుల్లి రేడియేటర్ ఉంటుంది, దాని మీదుగా గాలి వీస్తుంది. చలి దేశాల్లో డ్రైవరు వెచ్చగా ఉంటాడు. మన దగ్గర ఆ బుల్లి రేడియేటర్ పెద్ద రేడియేటర్‌కు సాయం పడుతుంది. ఇంజన్ వేడిలో కొంత డ్రైవరు పంచుకుంటాడు.

ప్లాస్టిక్ కాగితం పీకి మీట తిప్పబోయాను, కదలలేదు. పుట్టినప్పటి నుంచి తిరగని మీట. పట్టకారుతో పట్టి ఎర్ర రంగు వైపు తిప్పాను. ముందు మాడిన వాసన వచ్చింది. తరువాత గొట్టాల్లో ఏళ్ల తరబడి దాచుకున్న దుమ్మంతా ఒక్క ఊపున నా మొహం మీదికి వచ్చింది. దేని నుంచి తప్పించుకోవడానికి ఇంత అప్పు చేశానో అదే. పదిహేడు తుమ్ములు. తలుపులు రెండూ తాడుతో వెనక్కి కట్టాను. బయటి వడగాలి లోపలికి వస్తుంటే, నిజం చెబుతున్నాను, హాయిగా అనిపించింది. చెమట కనుబొమల మీద ఆగి, కంట్లోకి దిగి, గడ్డం నుంచి స్టీరింగ్ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. ముల్లు మాత్రం వేలెడు దిగింది.

కాలువ వంతెన దగ్గర పెద్దనాయన చెయ్యి ఎత్తాడు. ఆపాను. ఎండన పడి వచ్చినవాడు, నన్ను సరిగ్గా చూడను కూడా చూడకుండా ఎక్కి, పీట మీద కూర్చుని, అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. తరువాత రెండోది.

"ఏరా, ఇది ఏసీయేనా?"

"కాదు పెద్దనాయనా, హీటర్."

వంతెన దాటేదాకా ఆలోచించాడు.

"ఎందుకు వేశావు?"

"ఇంజన్‌కు చల్లగా ఉంటుందని."

"మరి మనం?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన దిగి నడిచి వస్తానన్నాడు, కాని దిగితే ఎండ. ఇద్దరం అలాగే ఊళ్లోకి వచ్చాం. రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఏసీ బండిలోంచి మనుషులు ఉడికి దిగడం వాళ్లు అంతకు ముందు చూడలేదు.

రోగం ఎలా దొరికిందంటే, ఎవరూ కనిపెట్టలేదు, పానా కిందపడింది. మర్నాడు మెకానిక్ ఫ్యాన్ బెల్టు బిగిస్తుంటే ఆయన వెంట వచ్చిన కుర్రాడి చేతిలోంచి పది నంబరు పానా జారి కండెన్సర్ వెనక సందులో పడింది. పడితే ఇనుము టంగుమనాలి. మెత్తగా, పరుపు మీద పడ్డట్టు చప్పుడే కాలేదు. పానా కోసం మరలు నాలుగు విప్పి, గొట్టాలు విప్పకుండానే కండెన్సర్‌ను పక్కకు లాగారు. అలా లాగవచ్చని అంతవరకు మాలో ఎవరికీ తట్టలేదు.

రేడియేటర్‌కు ఎవరో గొంగడి కప్పి ఉంచారు. అలాగే ఉంది చూడడానికి. వేలెడు మందాన, బూడిద రంగులో, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే నేత. గడ్డిపొట్టు, పత్తి నూగు, దుమ్ము, హాలియా నీళ్లు. మెకానిక్ ఒక మూల పట్టి లాగితే రొట్టె పెనం నుంచి లేచినట్టు ముక్క ముక్కలుగా లేచింది. అందులో పోయిన దసరాకు మా ఆవిడ బండికి కట్టిన బంతిపూలు ఎండిపోయి ఉన్నాయి. ఒక మూల ఎలుక గూడు, అందులో నా తువ్వాల చెంగు. ఆ చెంగు కోసం నేను చాకలి మనిషిని అనవసరంగా అనుమానించాను. గాలి పోయే దారే లేకపోతే ముందున్న కండెన్సర్ తన వేడిని వదల్లేదు, వెనకున్న రేడియేటర్ తన వేడిని వదల్లేదు. ఏసీ వేసినప్పుడల్లా మా క్యాబిన్‌లోంచి తీసిన వేడి కూడా ఆ సందులోనే పడి రేడియేటర్ నెత్తిన కూర్చునేది. పెద్దనాయన మధ్యాహ్నపు నిద్ర ఇంజన్‌కు జ్వరం.

"నేను ముందే అనుకున్నాను" అన్నాడు మెకానిక్, పానా జేబులో వేసుకుంటూ.

వెనక నుంచి గాలి కొట్టి శుభ్రం చేశారు. థర్మోస్టాట్ మళ్లీ దాని చోటికి పోయింది, తీసినందుకు ఒకసారి, పెట్టినందుకు ఒకసారి కూలి. ఏసీ అతను వచ్చి మీటరు తగిలించి, ఎక్కువైన గ్యాస్ తీశాడు. తీసినందుకు కూడా డబ్బులు పుచ్చుకున్నాడు. నేను బేరమాడలేదు, ఆ ఓపిక హీటరులో ఆవిరైపోయింది.

ఇప్పుడు ముల్లు మధ్యలో కదలకుండా నిలబడుతోంది. ఏసీ కొత్తలో కూడా ఇంత చల్లగా లేదు. మొన్న పెద్దనాయన యథాప్రకారం కట్టలు చూడడానికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. పావుగంటకు తువ్వాల తలకు చుట్టుకున్నాడు. ఇంకో పావుగంటకు చెవులు కప్పుకున్నాడు. ఆ తరువాత నా భుజం తట్టాడు.

"ఒరేయ్, ఆ రోజు పట్టకారుతో తిప్పావు చూడు, ఎర్ర మీట. అది కొంచెం తిప్పు."