మరీ ఇంత పండించాలా?

ఉత్తరప్రదేశ్‌లోని ఆగ్రా, ఫిరోజాబాద్, ఫర్రుఖాబాద్ జిల్లాల బంగాళాదుంప రైతుల మీద బాధ్యతగల పౌరుడిగా నాకు చాలా కాలంగా ఒక ఫిర్యాదు ఉంది. వాళ్లు మరీ ఎక్కువ పండిస్తున్నారు. పండించి ఊరుకోకుండా దానికి డబ్బులు కూడా అడుగుతున్నారు. మొదటిది అత్యుత్సాహం అనుకుని క్షమించవచ్చు. రెండోదాన్ని ఎలా క్షమించడం?

దేశం తిండికి కటకటలాడిన రోజుల్లో పండించమని మనమే చెప్పిన మాట వాస్తవం. 1950 ప్రాంతంలో దేశమంతా కలిపి పండిన దుంప 16, 17 లక్షల టన్నులకు మించలేదు. ఇప్పుడది ఏటా ఐదున్నర కోట్ల టన్నులు దాటుతోంది. ప్రపంచంలో చైనా తర్వాత మనమే. చెప్పిన మాట ఇంత అక్షరాలా పాటించే వర్గం ఈ దేశంలో మరొకటి లేదు. ఏదో మాటవరసకు అంటాం, అంతమాత్రాన పండించేయడమేనా?

ఈ నేరంలో కొంత వాటా సిమ్లాకు కూడా ఉంది. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పట్నాలో మొదలై 1956లో సిమ్లా చేరింది. చల్లటి కొండ మీద హాయిగా కాలక్షేపం చేయక, అక్కడి శాస్త్రవేత్తలు మైదానాల్లో వైరస్‌ను మోసుకొచ్చే పేనుబంక పురుగు ఏ నెలల్లో తక్కువగా ఉంటుందో లెక్కగట్టారు. ఆ నెలల్లో విత్తన దుంప వేసుకుంటే వైరస్ తెగుళ్ల బెడద తప్పుతుందని రైతులకు చెప్పేశారు. విత్తనం కోసం కొండలకేసి చూసే రైతు ఆ దెబ్బతో ఇంటి పక్కనే తయారు చేసుకోవడం నేర్చాడు. ఆపైన కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ బహార్, కుఫ్రీ పుఖ్‌రాజ్ అంటూ వరుసగా వంగడాలు. ఇక ఆపేవాడెవరు?

పోనీ ఈ పంట పండించడం మహా కష్టమా అంటే, దూరం నుంచి చూసే నాకు అలా అనిపించదు. విత్తన దుంపను మొలకొచ్చే కళ్లు చూసి కోయాలి. ప్రతి ముక్కకూ కనీసం రెండు కళ్లుండాలి, బరువు ముప్పై గ్రాములకు తగ్గకూడదు. మొక్క ఎదుగుతున్నప్పుడు బోదెల మీదికి మట్టి ఎగదోయకపోతే దుంపకు ఎండ తగిలి పచ్చబడుతుంది, చేదెక్కుతుంది. తవ్వడానికి పది పన్నెండు రోజుల ముందు పై మొక్కను కోసేస్తే లోపల తొక్క గట్టిపడుతుంది. మంచు పట్టిన ఉదయాల్లో వంగి ఇదంతా చేసుకుంటే మూడు నెలల్లో పంట చేతికొస్తుంది. వరితో పోలిస్తే తాగే నీళ్లూ తక్కువే. ఇలాంటి పంట వేసి నష్టపోయానని ఎవరైనా అంటే నమ్మేదెలా? నష్టపోవడానికి పత్తి, మిర్చి వంటి పేరున్న పంటలు వేరే ఉన్నాయి.

అయినా అన్నారు. 2018 జనవరిలో ఒకరోజు తెల్లవారేసరికి లక్నోలో అసెంబ్లీ ముందు, ముఖ్యమంత్రి నివాసం దగ్గర రోడ్ల మీద దుంపలు పోసి ఉన్నాయి. ప్రభుత్వం ఊరుకుంటుందా? మరుసటి నెలలోనే కేంద్ర బడ్జెట్ టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం ‘ఆపరేషన్ గ్రీన్స్’ పేరిట 500 కోట్లు ప్రకటించింది. మూడింటి ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ‘టాప్’ అయింది. అక్షరాలు అంత చక్కగా కుదిరాక ధరలు కుదరలేదని గొణగడం మర్యాద కాదు.

ఆ మర్యాద తెలియని ఆగ్రా రైతు ఒకాయన సరిగ్గా ఏడాది తిరిగేసరికి 19 టన్నుల దుంప అమ్మాడు. లారీ కిరాయి, కోల్డ్ స్టోరేజీ అద్దె, మిగతా ఖర్చులు పోగా చేతిలో 490 రూపాయలు మిగిలాయి. కిలోకు రెండున్నర పైసలు. ఆయన ఆ సొమ్మును తీసుకెళ్లి ప్రధానికి మనియార్డరు చేశాడు. పత్రికలన్నీ దాన్ని నిరసన అని రాశాయి. నాకైతే అందులో నిరసన కనబడలేదు. నష్టమేమీ రాలేదని స్వయంగా రుజువు చూపించాడు కదా! పైగా కోల్డ్ స్టోరేజీ యజమాని, లారీ యజమాని, దళారి అందరూ తమ వాటా పైసాతో సహా పుచ్చుకున్నారంటే వ్యవస్థ చక్కగా నడుస్తున్నట్టే. ఒక్క పండించినవాడి దగ్గర ఏదో చిన్న లోపం.

అసలు రాజకీయాల్లో పలుకుబడి ఉన్నది ఉల్లికి. తల్లి కూడా చేయని మేలు చేస్తుందని దానికో సామెత ఉంది. 1998లో ఢిల్లీలో అధికార పార్టీ ఓడిపోయిందంటే ఇప్పటికీ ఉల్లి పేరే ముందు చెబుతారు. ఉల్లి ధర పెరిగితే ఏడ్చేది మనం. దుంప ధర పడిపోతే ఏడ్చేది పండించినవాడు ఒక్కడే. అది వార్త ఎలా అవుతుంది?

దుంపకు అసలు విలువే కట్టడం లేదన్న ఆరోపణ మాత్రం పచ్చి అబద్ధం. ఆ 490 రూపాయల మనియార్డరు వెళ్లిన ఏడాదే గుజరాత్‌లో బ్రహ్మాండమైన విలువ కట్టారు. పెప్సికో కంపెనీ చిప్స్ కోసం 2016లో ఎఫ్ఎల్ 2027 అనే రకాన్ని రిజిస్టరు చేయించుకుంది. అనుమతి లేకుండా అదే దుంప పండించారంటూ 2019 ఏప్రిల్‌లో కొందరు చిన్న రైతుల మీద కోర్టుకెక్కింది. నలుగురి దగ్గర అడిగిన పరిహారం తలా 1.05 కోట్ల రూపాయలు! దుంప రైతును ఈ దేశంలో ఇంత కలిగినవాడిగా గుర్తించిన మొదటి సంస్థ అదేనని నా అభిప్రాయం. బ్రాండు పేరుతో విత్తనంగా అమ్మనంతవరకు పండించిన పంటను దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని 2001 నాటి చట్టం రైతుకు హక్కు ఇచ్చింది. దాన్ని ఎవరో గుర్తు చేశారు. ఎన్నికల వేళ దేశమంతా గగ్గోలు పుట్టింది. మే నెలలో కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది. 2021 డిసెంబరులో ఆ రిజిస్ట్రేషన్ రద్దయింది, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. అంటే తప్పు చేసినప్పుడు రైతు దుంప కోట్లు పలుకుతుంది, ఒప్పు చేసినప్పుడు పైసలు. ఇంత స్పష్టమైన ధరల విధానం మరే పంటకూ లేదు.

పాలకులు దుంప విషయంలో తలదూర్చడం కొత్తేమీ కాదు. ఆండీస్ పర్వతాల్లో జనం వేల ఏళ్లుగా పండించుకుని తింటున్న పంట స్పెయిన్ ఓడలెక్కి యూరప్ చేరాక అసలు గొడవ మొదలైంది. తింటే కుష్ఠు వస్తుందని ఫ్రాన్స్ 1748లో సాగునే నిషేధించింది. పండించి తీరాలని ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1756లో ఆజ్ఞాపించాడు. ఆ ప్రష్యాలోనే యుద్ధఖైదీగా దుంప తిని బతికిన పర్మాంతియే అనే ఫ్రెంచి ఔషధ నిపుణుడు, ఫ్రాన్స్‌కు తిరిగొచ్చి దుంప తోటకు పగలు సైనికులను కాపలా పెట్టించి, రాత్రి తీసేయించేవాడని చెబుతారు. అంత కాపలా ఉందంటే విలువైనదే అయి ఉంటుందని జనం దొంగిలించుకెళ్లి నాటుకున్నారట. మన దగ్గరా కాపలాకు లోటు లేదు. 2024లో రాష్ట్రంలో ధర పెరుగుతోందని పశ్చిమ బెంగాల్ దుంప లారీలను ఒడిశా, ఝార్ఖండ్ సరిహద్దుల్లో ఆపించింది. ఫ్రాన్స్‌లో దుంప నలుగురికీ చేరాలని కాపలా పెడితే ఇక్కడ చేరకూడదని పెట్టాం. పడిపోయిన ధర జారిపోకుండా ఏ సరిహద్దులోనైనా కాపలా పెట్టారేమోనని వెతికాను, కనబడలేదు.

మార్కెట్ విషయాల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదనే పెద్దమనుషులకు ఐర్లండ్ ఆదర్శం. అక్కడి పేదలు లంపర్ అనే ఒకే ఒక్క రకాన్ని నమ్ముకుని బతికేవారు. 1845లో ఆకుమాడు తెగులు వచ్చి చేలు నల్లబడ్డాయి. కొన్నేళ్లలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. సుమారు మరో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచారు. ఆ కాలంలోనే ధాన్యం, వెన్న, పశువులు అక్కడి రేవుల నుంచి ఇంగ్లండుకు నిక్షేపంగా వెళ్తూ ఉన్నాయి. సహాయ చర్యలు చూసిన ట్రెజరీ అధికారి చార్లెస్ ట్రెవెల్యన్, ఊరికే పెడితే జనం సోమరులవుతారని బెంగపడ్డాడు. ఆ సేవలకు మెచ్చి ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చారు, 1859లో మద్రాసు గవర్నరుగా మన నెత్తిన పెట్టారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీ కిందివే. కొత్త పన్నులు ఇక్కడి జనానికి భారమని కలకత్తాలోని పై ప్రభుత్వంతో బహిరంగంగా పోట్లాడి మరుసటి ఏడాదే పదవి పోగొట్టుకున్నాడాయన. కాబట్టి జాలి లేదనడానికి వీల్లేదు. కాస్త ఆలస్యంగా, వేరే ఊళ్లో పుట్టింది.

మన వైపు జహీరాబాద్ చుట్టుపక్కల, చిత్తూరు జిల్లాలో కొన్ని చోట్ల దుంప వేస్తారు. ఎకరాకు పది క్వింటాళ్ల దాకా విత్తన దుంప కావాలి. జహీరాబాద్ రైతు దాన్ని ఉత్తరాది నుంచి తెప్పించుకోవాలి కనుక పంట దిగుబడి కంటే ముందే అప్పు దిగుబడి అవుతుంది. తీరా హైదరాబాద్ మార్కెట్‌కు తీసుకెళ్తే అక్కడ ఆగ్రా లారీ ఎదురవుతుంది. ఇద్దరు రైతులూ ఒకరినొకరు చూసుకుని, ధర పడిపోవడానికి నువ్వంటే నువ్వని అనుకోవడానికి ఆ మార్కెట్ ఎంతో అనువుగా ఉంటుంది.

ఇంతలో మరో ప్రమాదం ముంచుకొస్తోంది. పెరూ రాజధాని లిమాలో ఉన్న అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం తన దక్షిణాసియా శాఖను ఆగ్రాలోనే పెట్టబోతోంది. 2025 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం అందుకు 111.50 కోట్లు మంజూరు చేసింది. ఆశయం ఏమిటంటారా? దిగుబడి పెంచడం, రైతు ఆదాయం పెంచడం. మొదటిదాని గురించి నాకు ఏ అనుమానమూ లేదు.

అందుకే రైతు సోదరులకు నా సూచన ఒక్కటే. 1995లో అమెరికా వాళ్లు కొలంబియా నౌకలో దుంపను అంతరిక్షంలో పెంచి చూశారు, పెరిగింది. మీరు కూడా అక్కడికే వెళ్లండి. అక్కడ వస్తువుకు బరువుండదు కనుక కాటా దగ్గర తరుగు తీసే వీలుండదు. దళారి అక్కడికీ వస్తాడు, సందేహం లేదు. కానీ క్వింటాలు లెక్క కుదరక కనీసం ఒక్క సీజనైనా తికమకపడతాడు.