పోర్చుగీసు క్రియల ఊనిక గారికి, లిస్బన్ నుంచి ఒక అద్దెదారు

ఊనిక గారూ,

మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలికించేది మీరే కదా. పోయిన నెల మా ఇంటి ఓనరమ్మ ముందు మీరు నా పరువు తీశారు. నా అద్దె కట్టేది మా ఆఫీసువాళ్లు. కట్టారా అని ఆవిడ అడిగింది. 'పగరావ్' అన్నాను. ఎప్పుడు అంది. నిన్న అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

తప్పెక్కడో ఇంటికొచ్చాక తెలిసింది. ప-గ-రావ్‌లో 'గ' నొక్కితే కట్టారు, 'రావ్' నొక్కితే కడతారు. రెంటికీ చివర అదే ముక్కు శబ్దం. నేను చివర నొక్కాను. అంటే, వాళ్లు నిన్న కడతారు!

ఒత్తులు మాకూ ఉన్నాయి. అవి బుద్ధిగా అక్షరం కింద కనబడుతూ కూర్చుంటాయి. మీరు అలా కాదు. 'కడతాను' (పాగు) అంటే మొదటి అక్షరం మీద, 'కడతాం' (పగాముష్) అంటే మధ్యలో, రేపటి సంగతి (పగరేయ్) అయితే చివర. పద్ధతి లేకపోలేదట. మామూలు చోట ఉంటే చెప్పరు, చోటు మారితే నెత్తిన గీత పెట్టుకుంటారు. చివరి నుంచి మూడో అక్షరం ఎక్కితే ఆ గీత తప్పనిసరి. 'కట్టేవాళ్లం' అనే పగావముష్‌లో అలాగే ఎక్కారు. చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టం కంటే నయమే అనుకోండి.

అక్షరాల విరుపులోనూ మీ చెయ్యి ఉంది. 'బయల్దేరేవాణ్ణి' అనాలంటే స-ఈ-య, మూడు ముక్కలు. నేను హడావిడిలో రెండు ముక్కల్లో 'సాయ్-య' అనేశాను. అది లంగా. లేకపోతే 'బయటికి దయచేయండి'. రోజూ ఏడింటికి లంగా అన్న నన్ను చూసి పక్క సీటాయన టీ మింగలేకపోయాడు.

1990లో పోర్చుగీసు మాట్లాడే దేశాలు రాతను ఒక దారిలో పెట్టడానికి ఒప్పందం చేసుకున్నాయి. 'ఆగుతాడు' అనే 'పారా' నెత్తిన గీత తీసేశారు. ఇప్పుడది కాగితం మీద 'కోసం' అనే మాటతో కలిసిపోయింది. 'చేయగలిగాడు' అనే 'పోద్' గీతను మాత్రం ముట్టుకోలేదు. దానికి ఎవరి సిఫారసు ఉందో!

మా అమ్మమ్మ జీతాన్ని పగార్ అనేది. అది మీ 'కట్టడం' అనే క్రియే, మరాఠీ మీదుగా మా ఊరు చేరింది. ఆవిడ దాన్ని ఎక్కడ నొక్కినా ఒకటో తారీఖున డబ్బులు చేతికొచ్చేవి.

ఇప్పుడు అద్దె సంగతి మెసేజ్‌లోనే పెడుతున్నాను. రాతలో 'కట్టారు'కీ 'కడతారు'కీ స్పెల్లింగ్ వేరు కదా. కానీ ఓనరమ్మకు కళ్లజోడు దొరకలేదట, ఫోన్ చేస్తోంది. ఈ రెండు నిమిషాలు దయచేసి 'గ' మీదే కూర్చోండి.

ఇట్లు,
నిన్న అద్దె కడతారన్నవాడు